గీత ముట్టనివి

సుగుణ గీసుకొచ్చిన గ్రాఫును చంద్రమౌళి సారు టేబుల్ మీద పెట్టి చూశాడు. కాగితాన్ని అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా ఒకటే. ముగ్గు వెయ్యబోయి పిండి ఒలకబోసినట్టు కాగితం నిండా చుక్కలు.

"ఇదేంది సుగుణమ్మా?"

"మొన్న తీసిన సినిమాలయి సార్. అన్నీ కొలిచిన."

"అన్నీ కొలిచినవు. అదే కనబడతాంది." సారు కళ్లద్దాలు తీసి లోపలి గదివైపు కేకేశాడు. "వినోదా, ఇటు రా జర."

వినోద మైక్రోస్కోపు దగ్గర నుంచి లేచి, వేలికంటిన లెన్సు నూనెను తెల్లకోటుకు తుడుచుకుంటూ వచ్చింది. గ్రాఫును చూడకముందే ఆమెకు సంగతి అర్థమైపోయింది. సుగుణ చీరకొంగును మడతలు పెడుతూ నిలబడి ఉంది. నలభై ఏళ్ల మనిషి, ఏటూరునాగారం అవతల ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరు. సెలవులు దొరికినప్పుడల్లా బస్సెక్కి హనుమకొండ యూనివర్సిటీకి వచ్చి పీహెచ్‌డీ చేసుకుంటోంది. తనకంటే పన్నెండేళ్లు చిన్నదైన వినోద ఈ ల్యాబులో ఆమెకు సీనియరు.

ఆ ల్యాబులో సినిమా అంటే బ్యాక్టీరియా సినిమా. నల్లరేగడి మట్టిలోంచి తీసిన బ్యాక్టీరియాను జెల్లీలాంటి పల్చటి అగర్ ముక్క మీద పెట్టి, మైక్రోస్కోపు కింద ఉంచి, కెమెరాతో ఉండుండి ఫొటోలు తీస్తారు. ఆ ఫొటోలను వరుసగా నడిపిస్తే పుల్లముక్కలాంటి కణం పొడవు పెరగడం, దాని నడుము సన్నబడడం, ఒకటి రెండు కావడం కనిపిస్తుంది. హీరో లేడు, పాటల్లేవు. ఉన్నదల్లా ఒకటే ప్రశ్న: ఇక చీలాలని ఆ కణానికి ఎట్లా తెలుస్తుంది?

బయట చాలా బ్యాక్టీరియాలు, పుట్టినప్పుడు పొట్టిగా ఉన్నా పొడుగ్గా ఉన్నా, దానికి ఇంత అని పొడవు కలుపుకొని చీలిపోతాయని కొత్త పుస్తకాలన్నీ చెబుతున్నాయి. చంద్రమౌళి సారు బ్యాక్టీరియా అట్లాంటిది కాదట. అది తనకొక గీత పెట్టుకుంటుందట. ఎంత పొడవుతో పుట్టినా ఆ గీత ముట్టేదాకా ఓపిక పట్టి, ముట్టగానే చీలుతుందట. "మనది కొలత తెలిసిన బ్యాక్టీరియా" అని సారు సెమినార్లలో అంటే అందరూ నవ్వేవారు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. సొంతబిడ్డకు ఫస్టు ర్యాంకు వచ్చినంత గర్వం ఆయనకు.

ఆ గర్వానికి సాక్ష్యం వినోద థీసిస్‌లో మూడో అధ్యాయం. అందులో చుక్కలన్నీ సారు గీసిన ఎర్రగీత మీద బుద్ధిగా కూర్చుంటాయి. వినోద చెయ్యి అట్లాంటి చెయ్యి. మిర్చి కళ్లంలో పెరిగిన పిల్ల. ఎండిన మిర్చిలోంచి రంగు చెడినవీ పొట్టివీ వంకరవీ చిటికెలో ఏరి అవతల పడేస్తారు కదా, ఆ ఏరిపారేసిన కాయను తాలు అంటారు. ల్యాబుకు వచ్చిన కొత్తలో, గీత ముట్టకుండానే చీలిన కణాన్నీ గీత దాటి పెరిగిపోయిన కణాన్నీ చూసి "ఇవి తాలు సార్" అంది వినోద. సారుకు ఆ మాట తెగ నచ్చింది. జబ్బుపడ్డ కణాలు లెక్కలో ఉంటే లెక్క చెడుతుంది కదా! అప్పటినుంచి ల్యాబులో ఎవరు గ్రాఫు తెచ్చినా మొదటి ప్రశ్న అదే.

"తాలు తీసినవా?" అన్నాడు సారు.

"లేదు సార్" అంది సుగుణ.

"శుక్రవారం మీ పీహెచ్‌డీలను చూసే కమిటీ ఉన్నది. హైదరాబాద్ నుంచి నిర్మల మేడం వస్తాంది. ఈ గ్రాఫ్ పెడితే నా ఇజ్జత్ ఏం గావాలె?" సారు గొంతు పెంచలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. "వినోదా, ఈమె సినిమాలు నువ్వు మళ్ల మార్క్ చెయ్యి. రెండు గ్రాఫులు పక్కపక్కన పెడదాం. ఈమెతోని అయితదా కాదా కమిటీకే సమజైతది. సుగుణమ్మా, ఏమనుకోకు. బడి, సంసారం, ఇది... అన్నీ ఎందుకు నెత్తిన పెట్టుకునుడు? రిజిస్ట్రేషన్ వాపస్ తీసుకుంటే నీకే హాయి."

"సరే సార్" అంది సుగుణ.

మనిషిని ఎదురుగా నిలబెట్టి, ఆమె చేతగానితనాన్ని ఇంకొకరి చేత రుజువు చేయించడమేమిటని వినోదకు అనిపించింది. జాలేసింది కూడా. కానీ ఆ జాలి అడుగున, ల్యాబులో తన చేతికి ఉన్న పేరుకు లోలోపల పొంగిపోయింది కూడా. ఆ సంగతి ఆమె తనతో తాను కూడా చెప్పుకోలేదు.

*

మరునాడు పొద్దున్నే వినోద కంప్యూటరు ముందు కూర్చుంది. సుగుణ కుర్చీ లాక్కొని పక్కన చేరింది.

"నేను గూడ కూసోవచ్చా? ఎట్ల తీస్తానవో చూసి నేర్సుకుంట."

"కూసో అక్కా, అడుగుడెందుకు."

మార్కింగులో పెద్ద బ్రహ్మవిద్యేమీ లేదు. కణం పుట్టినప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు మౌసుతో ఒక గీత గీయాలి, చీలేముందు ఇంకో గీత. తాలైతే కుడి బటన్ నొక్కాలి. కణం బూడిదరంగుకు తిరిగి లెక్కలోంచి పోతుంది.

"ఇది సూడు. పొట్టిగ పుట్టింది. పెరుగుతాంది, పెరుగుతాంది... గీత దాక రానేలే, అప్పుడే నడుము సన్నబడ్డది. చీలింది. తాలు." టక్.

"గిది?"

"ఇది గీత దాటినా ఆగుతలేదు. తాలు." టక్. "ఇగో, ఇది సూడు. ముద్దుగ గీత కాడికి వచ్చి చీలింది. ఇది మంచిది."

సుగుణ తన తరగతిలో వెనక బెంచీ పిల్లల్లాగే తలూపింది. కాసేపాగి మెల్లగా అంది. "నాకు ఏది తాలో తెల్వలే వినోదా. తప్పు తీస్తనేమోనని భయమైంది. అందుకే ఏదీ తియ్యలే. బడికి రాని పిలగాని పేరు కొట్టెయ్యాల్నన్నా నాకు చెయ్యాడది. ఎల్లుండి వస్తడేమో అనిపిస్తది."

వినోద నవ్వింది. "బ్యాక్టీరియాకు హాజరుపట్టీ లేదక్కా."

సుగుణ కూడా నవ్వింది. మళ్లీ తెరవైపు చూస్తూ అడిగింది. "ఇందాకటి పొట్టిది చీలినంక ఏమైంది?"

"ఏమైతది? తీసేసినం గద."

"లెక్కల గాదు. సినిమాల ఏమైంది అని."

మౌసు మీద వినోద చెయ్యి ఆగింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడుక్కోలేదు. "సచ్చిపోతయక్కా. జబ్బుయి గద."

"చూసినవా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది సుగుణ. అందుకే వినోదకు చురుక్కుమంది. సినిమాను వెనక్కి తిప్పి, ఆ బూడిదరంగు కణం దగ్గర ఆపి, అక్కడినుంచి ముందుకు నడిపింది. పొట్టిదాని పిల్లలు రెండు. అవీ పొట్టివే. చావలేదు. పెరిగాయి, గీత దరిదాపులకు రాకుండానే చీలాయి. ఆ నాలుగూ తల్లులకంటే కాస్త పొడుగు. అవి మళ్లీ పెరిగాయి. సినిమా అయిపోయే వేళకు ఏవి పొట్టిదాని సంతానమో, ఏవి మంచివాటి సంతానమో గుర్తుపట్టలేనట్టుగా తెర నిండా అల్లుకుపోయాయి.

"బతికినయి వినోదా!" సుగుణ చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"ఒక్కటి బతికితే శాస్త్రమైతదా అక్కా?" వినోద గొంతు ఆమె అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది. ఆ సినిమా మూసేసి ఇంకోటి తెరిచింది.

పొద్దు వాలేలోపు మార్కింగ్ అయిపోయింది. తాలు పోగా మిగిలిన చుక్కలు ఎర్రగీత మీద పట్టాల మీద రైలు పెట్టెల్లా వరుస కట్టాయి. సారు గ్రాఫు చూసి "శెభాష్ బిడ్డా" అని వినోద భుజం తట్టాడు. ఎప్పుడూ తీయగా ఉండే ఆ మాట ఆ రోజు ఎందుకో గొంతు దిగలేదు.

*

బుధవారం మధ్యాహ్నం తండ్రి ఉప్పలయ్య ఫోన్ చేశాడు. "బిడ్డా, మబ్బు పట్టింది. కాయంత కళ్లంల్నే ఉన్నది. జర వస్తవా?"

ఎండబెట్టిన మిర్చి మీద వాన పడితే ఏడాది కష్టం బూజు పడుతుంది. వినోద ఖమ్మం రోడ్డు బస్సెక్కి వర్ధన్నపేటలో దిగి, ఆటో పట్టుకొని చేను చేరింది. కళ్లమంతా ఎర్రదుప్పటి పరిచినట్టుంది. ఘాటుకు దిగీదిగగానే తుమ్ములు. తండ్రి ఒక పక్క బస్తాలు కుడుతున్నాడు. తల్లి మొగిలమ్మ, పక్క చేని సోమక్క ముక్కులకు కొంగులు కట్టుకొని కాయ ఏరుతున్నారు. వినోద చున్నీ ముక్కుకు చుట్టుకొని వాళ్ల పక్కన గొంతుక్కూర్చుంది.

కూర్చోవడమే ఆలస్యం, చెయ్యి దాని పనిలో అది పడిపోయింది. మంచికాయ ముందుకు, తాలు వెనక్కి. కళ్లు మబ్బుల్లో ఉన్నా చెయ్యి ఆగదు.

"ఎంత సదివినా పిల్ల చెయ్యి మరువలే మొగిలవ్వా" అంది సోమక్క.

"నా బిడ్డ గాదే మరి" అంది మొగిలమ్మ.

వినోద చెయ్యి ఇంకో కాయను వెనక్కి విసిరింది. విసిరాక ఆమెకు ఒక అనుమానం వచ్చింది. ఇప్పుడు పడేసిన కాయ ఎట్లా ఉంది? గుర్తు లేదు. అసలు చూడలేదు. చూడకుండా ఎట్లా పడేసింది? వెనక్కి తిరిగి తాలు కుప్పలోంచి గుప్పెడు తీసి ఒళ్లో పోసుకుంది. తెల్లబారినవీ మచ్చలు పడ్డవీ ఉన్నాయి, అవి చెడ్డవే. కానీ నవనవలాడే ఎర్రటి కాయలు కూడా అందులో ఉన్నాయి. వాటి తప్పల్లా పొట్టిగా ఉండడం.

"అమ్మా, ఇవెందుకు తీసినం?"

"పొట్టియి గద."

"ఎర్రగనే ఉన్నయి."

"ఎర్రగుంటే ఏంది? బస్త ఇప్పంగనే కొనేటోని కండ్లకు అంత ఒక్కతీరుగ కనబడాలె. చేతులాడియ్యవే, అటు సూడు ఎట్ల మబ్బు కమ్ముతాందో!"

"మరి వీటినేం చేస్తం?"

"ఏం చేస్తం? ఇంట్ల కారం దంచుకుంటలేమా? ఇన్నేండ్ల సంది ఏం తింటానవనుకున్నవ్?"

సోమక్క కిసుక్కున నవ్వింది. వినోదకు నవ్వు రాలేదు. చేతులు మళ్లీ పనిలో పడ్డాయి కానీ మనసు యూనివర్సిటీలో ఉంది. ఇక్కడ కాయ ఏరేది కొనేవాడి కళ్ల కోసం. అందులో తప్పేముంది, బేరం బేరమే. మరి ల్యాబులో తను ఏరేది ఎవరి కళ్ల కోసం? సారు గీసిన ఎర్రగీత కోసం. గీత ముట్టకుండా చీలినవాటిని తీసేసి, గీత దాటినవాటిని తీసేస్తే, మిగిలినవన్నీ గీత దగ్గర చీలినవే కదా! ఇందులో బ్యాక్టీరియా చెప్పిందేముంది? తను చెప్పించుకున్నదే తప్ప.

అంతలో నాలుగు చినుకులు రాలాయి. "పట్టాలు! పట్టాలు!" అని ఉప్పలయ్య అరిచాడు. నలుగురూ లేచి టార్పాలిన్ పట్టాలు లాగి, కుప్పల మీద కప్పి, అంచులకు రాళ్లు పెట్టారు. వాన బెదిరించి వెళ్లిపోయింది. ఆ హడావిడిలో అందరూ నవ్వుతున్నారు, వినోద తప్ప.

*

గురువారం ల్యాబులో వినోద మొదట చేసిన పని, సాఫ్ట్‌వేరులో అన్ని కణాలనూ లెక్కలోకి తెచ్చే బటన్ నొక్కడం. ఆ బటన్ మొదటినుంచీ అక్కడే ఉంది. ఎప్పుడూ అవసరం పడలేదు. సుగుణ సినిమాలు ఒక్కటే కాదు, తన మూడో అధ్యాయం సినిమాలు కూడా తెరిచింది. ఎప్పుడెప్పుడో తీసేసిన బూడిదరంగు కణాలన్నీ తెల్లగా లేచి కూర్చున్నాయి. ఎన్ని ఉన్నాయో! వాటికీ ఒక్కొక్కదానికి రెండేసి గీతలు గీసుకుంటూ వచ్చింది. తిండి మాట మరిచిపోయింది.

ఈసారి చీలినప్పుడు ఎంత పొడవున్నాయని చూడలేదు. పుట్టినప్పటినుంచి చీలేదాకా ఎంత కలుపుకున్నాయని చూసింది. పొట్టివైనా పొడుగువైనా, కొంచెం అటూ ఇటూగా, అన్నీ కలుపుకున్నది అంతే. సుగుణ చుక్కలు ఒలికిన పిండి కాదు. వాటిని ఎటునుంచి చూడాలో తెలియకపోయింది, అంతే.

సుగుణ వచ్చేసరికి వినోద బోర్డు ముందు నిలబడి ఉంది.

"అక్కా, ఇటు సూడు. ఒకటి రెండు జానల పొడుగుతోని పుట్టిందనుకో. నాలుగు జానలు పెరిగితే?"

"ఆరు."

"సగానికి చీలితే?"

"మూడు."

"ఆ మూడు మళ్ల నాలుగు పెరిగి చీలితే మూడున్నర. తర్వాత ఇంక జర పెద్దగ. పోంగ పోంగ నాలుగు కాడికి వస్తది. పెద్దది చూస్తవా? ఎనిమిది జానలతోని పుట్టింది, నాలుగు పెరిగింది, పన్నెండు. సగం ఆరు. ఆ ఆరు మళ్ల నాలుగు పెరిగి చీలితే ఐదు. అదీ నాలుగు కాడికే దిగుతది. ఏ గీతా అవసరం లేదక్కా. ఎవరు ఎంతతోని పుట్టినా ఇంత కలుపుకుంట పోతే సాలు, అన్నీ ఒక్క కాడికే వస్తయి. నీ పొట్టిదాని మనుమలు మంచిగైంది గందుకే."

సుగుణ బోర్డును చూసింది, వినోద ముఖం చూసింది. ఆమెకు లెక్క కంటే ముందు ఇంకో సంగతి అర్థమైంది.

"మరి నీ మూడో అధ్యాయం?"

వినోద చేతిలోని చాక్‌ను బోర్డు అంచున పెట్టింది.

"వచ్చే నెల థీసిస్ ఇస్తనంటివి. డిగ్రీ కాలేజీ ఇంటర్వ్యూ ఉన్నదంటివి."

"నేను చెప్పకుంటే రేపు నీ రిజిస్ట్రేషన్ పోతదక్కా."

"పోతే పోతది." సుగుణ కుర్చీలో కూర్చుంది. "నాకు నౌకరి ఉన్నది, నీకు లేదు. నీ ఐదేండ్ల కష్టం మట్టిల పోసుకుంటవా నా కోసం? ఊకో వినోదా. ఎవ్వలకు చెప్పకు. నాకు ఫికర్ లేదు."

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే వినోదకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. సుగుణే వద్దంటున్నాక ఇక తన తప్పేముంది? థీసిస్ ఇచ్చేస్తే ఉద్యోగం వస్తుంది. తర్వాత ఎప్పుడో, తీరిగ్గా, ఇంకో పేపరులో సరిదిద్దొచ్చు. మనసు ఎన్ని దారులు చూపిస్తుందో! అన్నీ చక్కటి దారులే.

"ఒక్కటి మాత్రం ఇయ్యి" అంది సుగుణ, సంచీలోంచి పెన్‌డ్రైవ్ తీస్తూ. "ఆ పొట్టిదాని సినిమా. బడిల పిలగాండ్లకు చూపిస్త. మా దాంట్ల పొట్టియే ఎక్కువ. మస్తు సంబురపడతరు."

వినోద ఫైలు కాపీ చేసింది. తెర మీద పచ్చటి పట్టీ మెల్లగా నిండుతోంది.

"అది ఎప్పుడు చీలాల్నో దానికెట్ల ఎరుక టీచర్ అని అడుగుతరు" అంది సుగుణ. "ఏం చెప్పాలె?"

ఏం చెప్పాలి? బోర్డు మీదిది చెప్పాలా, థీసిస్‌లోది చెప్పాలా? పెన్‌డ్రైవ్ తీసి ఇస్తుంటే వినోదకు ఆమె ముఖంలోకి చూడడం చేతకాలేదు. బడిపిల్లలకు ఒకటి, కమిటీకి ఒకటి చెప్పుకుంటూ తిరగడం తనవల్ల కాదని అప్పుడు తేలిపోయింది. భయం మాత్రం తగ్గలేదు.

*

శుక్రవారం కమిటీ గదిలో టీ కప్పులు, ఉస్మానియా బిస్కెట్లు పెట్టారు. నిర్మల మేడం సన్నగా, తెల్లజుట్టుతో, ఎక్కువ మాట్లాడని మనిషి. సుగుణ ఓ మూల కుర్చీలో, రిజిస్ట్రేషన్ వాపసు దరఖాస్తును చేతిసంచీలో పెట్టుకొని కూర్చుంది.

"ముందుగాల సుగుణ కేసు చూద్దాం మేడం" అన్నాడు చంద్రమౌళి సారు. "ఆమె మార్కింగ్‌ల తప్పులెక్కడున్నయో మా వినోద చూపిస్తది."

వినోద రెండు గ్రాఫులనూ తెర మీద పక్కపక్కన పెట్టింది.

"ఎడమ పక్కది సుగుణక్క చేసింది. కుడి పక్కది అవే సినిమాల మీద నేను చేసింది. తప్పున్నది నాదాంట్లనే సార్."

సారు కుర్చీని తెరవైపు లాక్కున్నాడు.

"ఏం మాట్లాడతానవ్?" అన్నాడు సారు.

వినోద చెప్పింది. గీతకు సరిపడనివన్నీ తామే తీసేసి, మిగిలినవి గీతకు సరిపడుతున్నాయని మురిసిపోయామని చెప్పింది. తన మూడో అధ్యాయం కూడా అదే పద్ధతిలో తయారైందని చెప్పింది. చెబుతున్నంతసేపూ సారు ముఖం మెల్లమెల్లగా నల్లబడింది. ఈయన దగ్గర చదువుకున్నాను, ఈయన పెట్టిన అన్నం తిన్నాను అనుకుంటూనే వినోద చివరిదాకా చెప్పింది.

"జబ్బు కణాలను లెక్కల పెడితే ఏ శాస్త్రమైనా చెడుతది!" సారు లేచాడు. "ఇటియ్యి ఆ మౌసు. మేడం, మీ ముందర్నే చేసి చూపిస్త."

ఆయన మార్కింగ్ చేసి ఏళ్లు గడిచాయి. కళ్లద్దాలు సర్దుకొని సుగుణ సినిమా ఒకటి తెరిచాడు. మొదటి కణానికి గీతలు గీశాడు. రెండోదానికి గీశాడు. మూడోది అప్పుడే పుట్టిన పొట్టిది. టక్. బూడిదరంగైపోయింది.

"దాన్నెందుకు తీసేశారు?" అన్నారు నిర్మల మేడం.

"చిన్నది గద మేడం. గీత ముట్టదు."

"ఇంకా చీలలేదు కదా సార్. ముట్టదని మనకెట్లా తెలుసు?"

సారు వేలు మౌసు మీదే ఉంది. ఆ వేలిని ఆయనే కొత్తగా చూస్తున్నట్టు చూసుకున్నాడు. అప్పుడు మళ్లీ నొక్కాడు. పొట్టి కణం తెల్లబడి లెక్కలోకి వచ్చింది.

సినిమా ముందుకు నడిచింది. పొట్టిది పెరిగింది, దాని తీరున అది చీలింది. సారు దాన్ని కొలిచాడు. ఎంత కలుపుకుందో చూశాడు. ఇంకోటి కొలిచాడు, ఈసారి గీత దాటిపోయినదాన్ని. అదీ అంతే కలుపుకుంది. తర్వాతది. ఆ తర్వాతది. ఆపమని ఎవరూ అనలేదు, ఆయన ఆపలేదు. టీల మీద మీగడ కట్టింది. చేతికి అందిన కణాన్నల్లా కొలుస్తూ, కొత్తగా ల్యాబులో చేరిన విద్యార్థిలాగా పెదాలు కదుపుతూ లెక్క కట్టుకుంటూ, ఆఖరికి మౌసు వదిలేశాడు.

"మన బ్యాక్టీరియా అందరి అసొంటిది గాదని ఇన్నేండ్లు చెప్పుకుంట తిరిగిన మేడం" అన్నాడు.

"అందరిలాంటిదైతే ఏం తక్కువైంది సార్?"

సారు నవ్వబోయాడు. "మీకేం, అలకగ అన్నరు." తర్వాత మూలకు తిరిగాడు. "సుగుణమ్మా, నువ్వొక్కటి గూడ తియ్యలే గద. ఎందుకు తియ్యలే?"

సుగుణ లేచి నిలబడింది. "ఏది తియ్యాల్నో తెల్వక సార్."

"ఆ మాట అనే ధైర్యం ఈ ల్యాబ్‌ల ఎవ్వలకు లేకపాయె" అన్నాడు సారు. "నాకు గూడ."

సుగుణ రిజిస్ట్రేషన్ కొనసాగాలని నిర్మల మేడం రాయించారు. ఈ పని పేపరుగా వస్తే మొదటి పేరు సుగుణది, రెండోది వినోదది అని సారు చెప్పాడు. మూడో అధ్యాయం మొత్తం తిరగరాయాలి, ఇంకో ఏడాది పడుతుంది. డిగ్రీ కాలేజీ ఇంటర్వ్యూ ఈసారికి లేనట్టే. రెండో పేరు అన్నప్పుడు వినోద గుండెలో ఒక ముల్లు గుచ్చుకుంది. గుచ్చుకోలేదని అనడానికి ఆమె దేవత కాదు. అయినా గదిలోంచి బయటికి వచ్చాక, మంగళవారం నుంచి గొంతులో అడ్డుపడ్డదేదో దిగిపోయి, ఊపిరి హాయిగా ఆడింది.

హనుమకొండ బస్టాండులో సుగుణ వినోద కంటే నాలుగడుగులు ముందు నడిచింది. ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక ఒక్కసారిగా తిరిగింది.

"చెప్పినగదనే ఊకోమని! ఏడాది పోగొట్టుకుంటివి గద. మీ అమ్మ బాపులకు ఏం చెప్తవ్?" తిడుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పిచ్చిదానా."

"సోమవారం సెలవు పెట్టి రా అక్కా. నా సినిమాలన్నీ మొదటిసంది మార్క్ చెయ్యాలె. నువ్వు నేర్పాలె నాకు."

"నేనా? నాకేమొస్తదే నేర్పడానికి?"

"తియ్యకుంట ఉండుడు వస్తది గద. నా చెయ్యి ఆగదక్కా. అది నాకు రాదు."

సుగుణ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకొని, తన బడిలో పిల్లల గోళ్లు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. ములుగు, ఏటూరునాగారం అని కండక్టరు అరుస్తున్నాడు. ఆమె గబగబా బస్సెక్కి కిటికీ పక్క సీటు దొరకబుచ్చుకుంది. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, తరగతిలో వెనక బెంచీకి వినబడేట్టు కేక వేసింది.

"మొదటి బస్సుకే వస్త! నేను వచ్చేదాక మౌసు ముట్టినవంటే సూడు!"